మూడు నెలల చెన్నై: దర్శనం దొరికినంత తేలిగ్గా దగ్గరితనం దొరకదెందుకు

మా పిన్ని, బాబాయి ఏటా నవంబర్ చివర్లో న్యూజెర్సీ నుంచి చెన్నై వస్తారు. వెస్ట్ మాంబళంలో వాళ్లకో చిన్న ఫ్లాటుంది. మార్చి రెండో వారానికల్లా తిరుగు ప్రయాణం. పోయిన ధనుర్మాసంలో ఒకరోజు తెల్లవారుజామున తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామి గుడి నుంచి ఆటోలో వస్తూ పిన్ని అంది: "ఇన్ని రోజులుగా వస్తున్నాను. దర్శనానికి ఏ లోటూ లేదు. కానీ రేపు నేను రాకపోతే ఏం రాలేదని అడిగేవాళ్లు ఈ గుళ్లో ఒక్కరు లేరే." అక్కడ వాళ్లూళ్లో వరసగా రెండు శనివారాలు గుడికి వెళ్లకపోతే ఆమెకు నలుగురు ఫోన్ చేస్తారు.

నాకు ఆ మాట చాలా రోజులు మనసులో ఉండిపోయింది. డిసెంబర్ వస్తే చెన్నైలో తెలుగువాళ్లుండే అపార్టుమెంట్లన్నిటిలో ఇలాంటి పెద్దలు కనిపిస్తారు. వాళ్ల చుట్టూ ప్రశ్నలూ వస్తాయి. వీళ్లు మనవాళ్లా, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లా? వాళ్ల విరాళం తీసుకోవచ్చా? ఏకాదశి అక్కడొకరోజు, ఇక్కడొకరోజు వస్తే ఏది పట్టుకోవాలి? ఇవన్నీ కలగలిపి మాట్లాడుకోవడం వల్లే గందరగోళం. భక్తి ఒకటి, నలుగురిలో ఒకరు కావడం ఇంకొకటి. మొదటిది మొదటి రోజే దొరుకుతుంది. రెండోదానికి వేరే దారి ఉంది.

ఎవరీ చలికాలం మనుషులు

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి రిటైరైనవాళ్లు మంచు కురిసే నెలల్లో ఫ్లోరిడాకో అరిజోనాకో టెక్సస్ దక్షిణపు కొసకో వెళ్లి గడుపుతారు. వాళ్లకు అక్కడ స్నోబర్డ్స్ అని పేరు. టెక్సస్‌లోని రియో గ్రాండే లోయవాళ్లు వాళ్లను వింటర్ టెక్సన్స్ అని తమ రాష్ట్రం పేరు కలిపి పిలుచుకుంటారు. అక్కడి చర్చిలకు ఈ రాకపోకలు అలవాటే. జనవరి నుంచి మార్చి దాకా ఆదివారం ఆరాధనకు జనం నిండుతారు, వేసవి రాగానే పలచబడతారు. ఇలాంటివాళ్ల కోసం కొన్ని చర్చిలు సభ్యత్వంలోనే ఒక వీలు పెట్టుకున్నాయి. యునైటెడ్ మెథడిస్ట్ చర్చిలో దాన్ని అఫిలియేట్ మెంబర్ అంటారు. సొంతూరి చర్చిలో సభ్యత్వం చెక్కుచెదరదు, లెక్కల్లో మనిషి అక్కడివాడే. అయినా కొన్నాళ్లు ఉండే ఊళ్లో పాస్టరు బాగోగులు చూస్తాడు, కార్యక్రమాల్లో చోటుంటుంది, స్థానిక సంఘంలో బాధ్యత కూడా తీసుకోవచ్చు.

మన తెలుగువాళ్లలో ఈ తరం ఎలా తయారైందో చూడాలంటే 1965కి వెళ్లాలి. ఆ ఏడు అమెరికా వలస చట్టం మారింది, చదువుకున్న ఆసియావాళ్లకు తలుపు తెరుచుకుంది. గిండీ ఇంజినీరింగ్ కాలేజీలోనో మద్రాసు మెడికల్ కాలేజీలోనో చదివి 1970ల్లో విమానం ఎక్కినవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటింది. వాళ్లకు చలికాలం గడపడానికి చెన్నై తట్టడం సహజం. కుర్రతనంలో తిరిగిన వీధులివి. ఆసుపత్రులున్నాయి. తిరుపతి మూడు గంటల ప్రయాణం. డిసెంబర్‌లో కచేరీలుంటాయి.

వాతావరణం గురించి ఒక్క మాట. డిసెంబర్ మొదట్లో ఇక్కడ వానభయం ఉంటుంది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను ఊరిని ముంచిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. జనవరికి ఆకాశం తేటపడుతుంది. తెల్లవారుజామున ఇరవై, ఇరవై ఒక్క డిగ్రీలుంటుంది. దానికే మా వీధివాళ్లు మఫ్లర్లు చుట్టుకుని, మంకీ క్యాపులు పెట్టుకుని గుడికి బయల్దేరతారు. మా బాబాయి పల్చటి నూలు చొక్కా మీద కండువా వేసుకుని, ఇంత హాయి ఎక్కడ దొరుకుతుందిరా అంటూ ముందు నడుస్తాడు.

అక్కడి గుడిని వాళ్లే కట్టుకున్నారు

పిన్ని బాధ అర్థం కావాలంటే అమెరికాలో గుడి ఎలా నడుస్తుందో తెలియాలి. పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్ శ్రీ వేంకటేశ్వరాలయానికి 1977లో కుంభాభిషేకం జరిగింది. ఆ తర్వాత వచ్చిన గుళ్లు చాలావరకు ఒకే పద్ధతిలో నడుస్తున్నాయి. చట్టం దృష్టిలో అదొక లాభాపేక్ష లేని సంస్థ. దానికి సభ్యులుంటారు, ఎన్నికైన బోర్డు ఉంటుంది, సర్వసభ్య సమావేశం ఉంటుంది. అర్చకుల్ని ఇండియా నుంచి పిలిపించుకుంటారు. మిగతా పని, అంటే వంట, పార్కింగు, పిల్లల తెలుగు క్లాసు, ఉగాదికి పచ్చడి, మంచు పడితే మెట్లు శుభ్రం చేయడం, అన్నీ భక్తులే.

పిన్ని ముప్ఫై ఏళ్లు అలాంటి గుడి వంటశాలలో పులిహోర కలిపింది. శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చి చింతపండు నానబెట్టేది. శనివారం పొద్దున్నే మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి పెద్ద గుండిగలో అన్నం ఆరబెట్టేది. ఆ పని చేస్తూనే ఒకరి కూతురి పెళ్లి సంబంధం, ఇంకొకరి మోకాలి ఆపరేషన్ మాట్లాడుకునేవాళ్లు. వంటశాల తాళం చెవి ఒకటి ఆమె దగ్గరే ఉండేది. అంటే ఆమెకు గుడి అన్నది దేవుడి ఇల్లు, ఊరి రచ్చబండ, పుట్టింటి వంటిల్లు మూడూ కలిసిన చోటు. పరాయి దేశంలో ఈ మూడూ విడివిడిగా దొరకవు కాబట్టి ఒకే కప్పు కింద కట్టుకున్నారు.

చెన్నై గుడిలో 'సభ్యులు' ఉండరు

అలాంటి మనిషి చెన్నైలో ఒక ప్రాచీన ఆలయంలో అడుగుపెడితే ఏం జరుగుతుంది? ఇక్కడి పెద్ద గుళ్లు చాలావరకు తమిళనాడు హిందూ ధార్మిక, ధర్మాదాయ సంస్థల చట్టం (1959) కింద ఉన్నాయి. కార్యనిర్వహణాధికారి ఉంటారు. అర్చకత్వం, పరిచారకత్వం, ప్రబంధం, అంటే ఆళ్వార్ల తమిళ పాశురాలు, చదివే అధ్యాపకుల గోష్ఠి, వీటిలో ఎవరి స్థానం వారికి ఆ గుడి సంప్రదాయం తరతరాలుగా నిర్ణయించింది. భక్తుడు వస్తాడు, దర్శనం చేసుకుంటాడు, తీర్థం, శఠారి తీసుకుంటాడు, వెళ్తాడు. అతని పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. ఉండాల్సిన అవసరమూ లేదు. గుడి అందరిదీ అనడానికి అర్థమే అది.

పేరు నమోదయ్యే ఒక దారి ఉంది, ఉభయం. ఒక రోజు సేవకో ఉత్సవంలో ఒక భాగానికో అయ్యే ఖర్చు ఒక కుటుంబం భరించడాన్ని ఉభయం అంటారు, భరించేవాళ్లు ఉభయదారులు. కొన్ని ఉభయాలు తాతల నాటి నుంచి ఒకే ఇంటిపేరు మీద నడుస్తుంటాయి. డబ్బు కట్టి మూడు నెలల్లో ఉభయదారు కావచ్చు. ఆ రోజున గోత్రనామాలు చెబుతారు, తలకు గౌరవంగా పరివట్టమనే వస్త్రం కడతారు, మర్యాద జరుగుతుంది. మర్నాడు మళ్లీ వరసలో నిలబడాల్సిందే.

పిన్ని ఒకరోజు మడపళ్లి గుమ్మం దాకా వెళ్లింది. మడపళ్లి అంటే గుడి వంటశాల, తిరుమలలో పోటు అన్నట్టు. "ఏమైనా తరిగి పెట్టనా" అని తెలుగూ తమిళమూ కలిపి అడిగింది. లోపలున్న పెద్దాయన ఆమె వంక చూసి, నవ్వి, వేడి వేడి పొంగలి దొన్నె చేతిలో పెట్టాడు. నెయ్యి కారుతోంది, మిరియాలు పైకి తేలి ఉన్నాయి. ఆయన అమర్యాద చేయలేదు. మడి ఉన్న చోట బయటివాళ్లకు పని ఇవ్వరు. ప్రసాదం ఇవ్వడమే ఆయనకు తెలిసిన ఆదరణ. పిన్ని ఆ దొన్నె పట్టుకుని మండపం మెట్ల మీద చాలాసేపు కూర్చుంది.

ఇందులో తప్పు ఎవరిదీ లేదన్నది నా అభిప్రాయం. అమెరికా గుడి మనిషిని పనితో కలుపుకుంటుంది, ఎందుకంటే పని చేసేవాళ్లు లేకపోతే గుడే లేదు. ఇక్కడి గుడి ఎవరు వచ్చినా రాకపోయినా వందల ఏళ్లుగా నడుస్తోంది. మొదటిది చూసి వచ్చినవాళ్లు రెండోదాన్ని బిగుసుకుపోయింది అంటారు. ఇక్కడ పుట్టిపెరిగినవాళ్లు మొదటిదాన్ని క్లబ్బులా ఉంది అంటారు. రెండు మాటలూ సగం సగం చూసి అన్నవే.

మరి పరిచయాలు ఎక్కడ పుడతాయి

గుడి బయట. ఇది తెలియక చాలామంది రెండు మూడు చలికాలాలు గర్భగుడి ముందే వెతుకుతారు.

మైలాపూరులో కపాలీశ్వరస్వామి గుడి చుట్టూ ఉన్న మాడవీధుల్లో మార్గళి నెలలో, అంటే మన ధనుర్మాసంలో, తెల్లవారుజామున భజన సాగుతుంది. ఆ పద్ధతిని వాగ్గేయకారుడు పాపనాశం శివన్ నిలబెట్టారు. దాంట్లో కలవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, నడవగలిగితే చాలు. వారం రోజులు వరసగా నడిస్తే పక్కన నడిచే మనిషి పేరు తెలుస్తుంది. సాయంత్రం ఉపన్యాసాలుంటాయి. వాటికొచ్చేవాళ్లు రోజూ అదే కుర్చీలో కూర్చుంటారు, మధ్యలో ఒకరికొకరు ఫ్లాస్కులో కాఫీ పోసుకుంటారు.

కచేరీల సంగతి ఇంకా బాగుంటుంది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1928లో ఏర్పడింది. డిసెంబర్‌లో దాని వేదిక మీదా మిగతా సభల్లోనూ పాడే పాటల్లో త్యాగరాజ కీర్తనలది పెద్ద వాటా. వినేవాళ్లలో ఎక్కువమంది తమిళులు. రాగం పోల్చుకుంటారు, తాళం వేస్తారు, చరణంలో మాటకు అర్థం మాత్రం పక్కనున్న తెలుగు మనిషిని అడుగుతారు. మా బాబాయి సంగీతం నేర్చుకున్నవాడు కాదు. అయినా ఆయన మాతృభాష ఇక్కడ పదిమందికి పనికొస్తుంది. సభ క్యాంటీన్‌లో అరిటాకు ముందు కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు ఆయన్ని "సార్, ఆ పల్లవికి అర్థం ఏమిటి" అని అడుగుతారు. ఆ రోజంతా ఆయన ముఖంలో వెలుగు చూడాలి.

తెలుగు సభలు కావాలనుకునేవాళ్లకు మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో 58 రోజులు నిరాహారంగా ఉండి 1952 డిసెంబర్ 15న అమరజీవి కన్నుమూసిన చోటది. చలికాలం వచ్చినవాళ్లకు ఆ తేదీ కూడా కలిసొస్తుంది.

పిన్నికి దారి దొరికింది వీటిలో దేనిలోనూ కాదు, మా అపార్టుమెంటు గేటు ముందు. కింది ఫ్లాటులో ఉండే తమిళావిడ, అందరూ మామి అని పిలుస్తారు, రోజూ ఐదింటికి ముగ్గు వేస్తుంది. ఒకరోజు పిన్ని ఆ ముగ్గు పక్కన గొబ్బెమ్మ పెట్టి గుమ్మడిపువ్వు గుచ్చింది. మామి ఆగి చూసి, మా ఊళ్లోనూ మార్గళికి పేడముద్దలో గుమ్మడిపువ్వే పెడతాం అంది. మర్నాటి నుంచి ముగ్గులో ఎడమవైపు కొంత చోటు ఖాళీగా ఉంచడం మొదలుపెట్టింది. పిన్ని గిన్నెలో ముగ్గుపిండి తీసుకుని దిగేది. తిరుప్పావై ఇరవై ఏడో రోజు, కూడారై నాడు, ఇద్దరూ కలిసి అక్కారవడిసిల్ వండారు. బియ్యం, పెసరపప్పు పాలలో ఉడికి బెల్లం, నెయ్యి పట్టేదాకా కలుపుతూనే ఉండాలి, ఒక చెయ్యి చాలదు. గరిటె మా పిన్నిది, ఉరుళి, అంటే వెడల్పాటి వంటపాత్ర, మామిది. ఆ మర్నాడు పిన్నికి కాస్త జ్వరం తగిలి కిందికి దిగలేదు. ఐదున్నరకు మామి తలుపు కొట్టి "ఉడంబు సరియిల్లయా" అని అడిగింది. ఒంట్లో బాగోలేదా అని.

ఏం రాలేదని అడిగే మనిషి కోసం పిన్ని వెతికింది తిరువల్లిక్కేణిలో. దొరికింది తన మెట్ల కింద. నేను చూసినంతలో ఇలాంటి పరిచయాలకు రోజుల సంఖ్యతో సంబంధం తక్కువ. ఒకే పని ఒకే వేళకు ఇంకొకరితో కలిసి చేశారా అన్నదే లెక్క.

తిథి ఒకటే, తేదీ రెండు

ఇక పంచాంగం చిక్కు. దీన్ని రెండు ఉదాహరణలతో విడదీస్తాను.

మొదటిది వైకుంఠ ఏకాదశి. ధనుర్మాసం సూర్యుణ్ని బట్టి వచ్చే నెల, సూర్యుడు ధనూరాశిలో ఉండే కాలం. దాదాపు డిసెంబర్ 16 నుంచి సంక్రాంతి ముందురోజు దాకా. ఏకాదశి చంద్రుణ్ని బట్టి వస్తుంది. ఈ రెండూ కలిసే చోటు, అంటే ధనుర్మాసంలో పడే శుక్ల ఏకాదశి, వైకుంఠ ఏకాదశి. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులే కాబట్టి అది మన క్యాలెండర్‌లో ఇంకా ముందు తేదీలకు జరుగుతూ వస్తుంది, ధనుర్మాసం దాటిపోయేలా ఉంటే మాత్రం తర్వాతి చాంద్రమాసపు ఏకాదశికి మారుతుంది. 2025లో జనవరి 10న ఒకటి వచ్చింది, సరిగ్గా 354 రోజులకు డిసెంబర్ 30న ఇంకొకటి వచ్చింది. అంతకుముందు 2023లో కూడా రెండు వచ్చాయి, 2024లో ఒక్కటీ రాలేదు.

ఇది టికెట్టు కొనేవాళ్లకు ఎందుకు ముఖ్యమంటే: ఏటా జనవరి 5న చెన్నై చేరే దంపతులున్నారనుకోండి. 2025లో వాళ్లు తిరువల్లిక్కేణిలో సొర్గవాసల్, అంటే ఉత్తరద్వారం, తెరవడం చూసి ఉంటారు. 2026లో అదే తేదీకి దిగితే ఏకాదశి దాటి ఆరు రోజులైంది. పగల్‌పత్తు, అంటే ఏకాదశి ముందు పది రోజుల ప్రబంధ పారాయణ, మొత్తం అయిపోయింది. రాపత్తు, తర్వాతి పది రాత్రులది, కొంత మాత్రం మిగిలి ఉంటుంది.

రెండోది మామూలు ఏకాదశి ఉపవాసం. తిథి ప్రపంచమంతటా ఒకే క్షణంలో మొదలై ఒకే క్షణంలో ముగుస్తుంది. గడియారాలే వేరు. చలికాలంలో న్యూజెర్సీ మనకంటే పదిన్నర గంటలు వెనక. ఒక ఏకాదశి చెన్నై సమయం ప్రకారం ఆదివారం ఉదయం 9 నుంచి సోమవారం ఉదయం 8 దాకా ఉందనుకోండి. ఇక్కడ ఆదివారం సూర్యోదయానికి తిథి రాలేదు, సోమవారం సూర్యోదయానికి ఉంది. కాబట్టి ఇక్కడ ఉపవాసం సోమవారం. అదే తిథి న్యూజెర్సీలో శనివారం రాత్రి పదిన్నరకు మొదలై ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. అక్కడ సూర్యోదయానికి ఉన్నది ఆదివారం. ఒకే ఏకాదశికి కొడుకు అక్కడ ఆదివారం, తల్లి ఇక్కడ సోమవారం ఉపవాసం ఉంటారు. ఇద్దరిదీ సరైనదే. పురోహితులు ఎక్కువమంది చెప్పేది ఇదే: ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి సూర్యోదయం. స్మార్త, వైష్ణవ పద్ధతుల్లో ఏకాదశి నిర్ణయానికి వేరే నియమాలూ ఉన్నాయి, వాటిని ఇంటి ఆచారం చూసుకుంటుంది. ఆబ్దికాలకు మాత్రం సూర్యోదయం కాదు, అపరాహ్ణ వేళకు, అంటే మధ్యాహ్నం దాటాక, తిథి ఉందా అన్నది చూస్తారు. అందుకే తద్దినానికి పట్టిన లెక్క ఏకాదశికి పట్టదు.

ఒకే ఇంట్లో ఇద్దరు దాతలు, చట్టం దృష్టిలో ఇద్దరూ వేరు

బాబాయికి గ్రీన్ కార్డుంది, పాస్‌పోర్టు భారతదేశానిదే. పిన్ని అమెరికా పౌరసత్వం తీసుకుంది, ఇక్కడికి ఓసీఐ కార్డు, అంటే భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే కార్డు, మీద వస్తుంది. ఇద్దరూ ఒక ధర్మసంస్థ అన్నదానానికి చెరో యాభై వేలు ఇద్దామనుకున్నారు. ఆ సంస్థ లెక్కలు చూసే ఆయన బాబాయి చెక్కు తీసుకుని, పిన్నిది వద్దన్నాడు. పిన్ని నొచ్చుకుంది.

ఆయన చేసింది నియమం ప్రకారమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (2010) చూసేది ఇచ్చేవాళ్ల పౌరసత్వాన్ని. విదేశీ పౌరులు ఇస్తే, వాళ్లు భారత సంతతివాళ్లే అయినా, ఓసీఐ కార్డున్నా, రూపాయల్లోనే ఇచ్చినా, అది విదేశీ విరాళం కిందికే వస్తుంది. తీసుకునే సంస్థకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. 2020 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలు కూడా ఆ డబ్బును మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే తీసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి సొంత కష్టార్జితం నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. ఒకే వంటింట్లో తినే ఇద్దరి డబ్బుకు రెండు దారులు ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది. ఆ ఇల్లాలి భక్తి మీద అనుమానంతో కాదు.

రోజుల లెక్క కూడా ఒకటుంది, త్వరగా చెప్పేస్తాను. భారతదేశంలో వచ్చే ఆదాయం ఏడాదికి 15 లక్షలు దాటినవాళ్లు ఒక ఆర్థిక సంవత్సరంలో 120 రోజులు ఇక్కడుంటే, అంతకు ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఉండి ఉంటే, పన్ను లెక్కలో ప్రవాసి హోదా పోతుంది. మిగతావాళ్లకు ఆ గీత 182 రోజులు. నవంబర్ 15 నుంచి మార్చి 15 దాకా వేళ్ల మీద లెక్కపెట్టండి, మామూలు సంవత్సరంలో 121 వస్తుంది. మహాశివరాత్రి కాగానే పెట్టెలు సర్దుకునే పెద్దల్లో కొందరి తొందరకు కారణం ఇదే. పైగా అమెరికాలో పెద్దలకుండే ఆరోగ్యబీమా మెడికేర్ సాధారణంగా ఆ దేశం దాటితే పనిచేయదు. ఉగాది ఉండి చూసి వెళ్లండి అని మనం అనడం తేలిక.

చర్చికి, మసీదుకు వెళ్లేవాళ్ల అనుభవం వేరు

ఇంతదాకా గుడి సంగతే చెప్పాను. తెలుగు క్రైస్తవ కుటుంబాల పెద్దలకు చిక్కు తలకిందులుగా ఉంటుంది. చర్చిలో సభ్యత్వమనేది ఉంది. రిజిస్టరుంది, చందా ఉంది, సంఘ ఎన్నికల్లో ఓటుంది. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) పుట్టిందే ఈ ఊళ్లో, 1947 సెప్టెంబర్ 27న సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో. తెలుగులో ఆరాధన జరిగే చర్చికి డిసెంబర్‌లో వచ్చిన పెద్దాయన్ని మొదటి ఆదివారమే లేచి నిలబడి పరిచయం చేసుకోమంటారు. క్రిస్మస్ కేరల్స్ బృందం వాళ్లింటికీ వస్తుంది. డిసెంబర్ 31 అర్ధరాత్రి ఆరాధనకు పక్కింటివాళ్లు కారులో చోటు ఉంచుతారు. దగ్గరితనం వెంటనే దొరుకుతుంది. తర్వాత వచ్చే ప్రశ్న వేరు: మీ సభ్యత్వం ఎక్కడుంది? బదిలీ పత్రం తెచ్చుకుంటే అక్కడ పోతుంది, తెచ్చుకోకపోతే ఇక్కడ అతిథే. మెథడిస్టుల అఫిలియేట్ పద్ధతి లాంటిది ఉంటే బాగుండునని ఇలాంటప్పుడే అనిపిస్తుంది.

ఇంకో మెలిక. అమెరికాలో పాస్టరుగా చేసి రిటైరైన ఓసీఐ కార్డుదారును ఇక్కడ పరిచర్య చేయమని పిలుస్తుంటారు. 2021 మార్చి 4న కేంద్ర హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ కార్డుదారులు మిషనరీ లేదా తబ్లీగీ (ఇస్లాం మత ప్రచార) కార్యకలాపాలు చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. నలుగురితో కూర్చుని ఆరాధన చేసుకోవడానికి ఏ ఆటంకమూ లేదు.

ముస్లిం పెద్దల విషయంలో చలికాలం మెల్లగా వాళ్ల వైపు వస్తోంది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో ఫిబ్రవరి మూడో వారంలో మొదలైంది. ఈ లెక్కన 2030కల్లా జనవరికి, అదే ఏడు చివర్లో మళ్లీ డిసెంబర్‌కి వస్తుంది. తిరువల్లిక్కేణిలో 1795 నాటి వాలాజా మసీదులో ఇఫ్తార్ వేళ నోంబుగంజి పోస్తారు. మైలాపూరులోని సూఫీదార్ అనే సంస్థ నుంచి వచ్చే సింధీ హిందువులు అక్కడ దశాబ్దాలుగా ఇఫ్తార్ వడ్డిస్తున్నారు. వరసలో కూర్చుని గంజి తాగేవాణ్ని ఏ ఊరివాడివని ఎవరూ అడగరు. వడ్డించే చేతులు మాత్రం ప్రతి ఏడూ అవే.

ఉండేవాళ్ల మాట, వచ్చేవాళ్ల మాట

నలభై ఫ్లాట్ల అపార్టుమెంటు ఒకటి ఊహించుకోండి. ధనుర్మాసం ముప్ఫై రోజుల ప్రసాదానికి ముప్ఫై ఇళ్లు పేర్లివ్వాలి. చలికాలం వచ్చే ఆరు కుటుంబాలు ఉత్సాహంగా రెండేసి రోజులు తీసుకుంటాయి, పన్నెండు రోజులు వాళ్లవే. ఖర్చుకూ వెనకాడరు, ప్రసాదం దొన్నెలు పెద్దవవుతాయి. సంక్రాంతి తర్వాత జరిగే సమావేశంలో వాళ్లలో ఒకరు, వచ్చే ఏడు భజన కమిటీలో మేమూ ఉంటాం అంటారు. అప్పుడు మొదలవుతుంది మాట.

ఇక్కడే ఉండేవాళ్లు అనేదాంట్లో బరువుంది. మే నెల ఎండలో నీళ్ల ట్యాంకరు కోసం కాపలా కాసింది మేము, పురట్టాసి (సెప్టెంబర్-అక్టోబర్‌లో వచ్చే తమిళ నెల) శనివారాలు నడిపింది మేము, నవంబర్ వానలో పూజగది తడవకుండా పట్టాలు కప్పింది మేము, పన్నెండు నెలల కమిటీలో మూడు నెలల మనిషి ఎలా కూర్చుంటాడు అని. పెద్ద దొన్నె ఒకరు పెడితే మర్నాడు చిన్న దొన్నె పెట్టే పెన్షనరుకు చిన్నతనంగా ఉంటుందని మా పక్కింటి ఆవిడ అంది. ఆ మాట నాకు న్యాయంగా తోచింది.

వచ్చేవాళ్లు అనేదీ కొట్టిపారేయలేం. ఈ వయసులో ఇరవై గంటల ప్రయాణం చేసి వస్తున్నది ఊరికే కాదు. ఫ్లాటు మెయింటెనెన్సు పన్నెండు నెలలూ కడుతున్నాం. అక్కడికి వెళ్తే ఇన్ని నెలలు లేరు కదా అంటారు, ఇక్కడికొస్తే మూడు నెలల్లో పోతారు కదా అంటారు, ఎక్కడా పూర్తిగా లెక్కలోకి రాకుండా పోతున్నాం అని. డబ్బిచ్చినప్పుడు మావాళ్లు, పని అడిగినప్పుడు అతిథులు అనడం కూడా బాధే.

కొన్నిచోట్ల ఈ తగాదా దానంతటదే సద్దుమణిగింది. మొదలూ చివరా మూడు నెలల్లోనే ఉండే పనులు వచ్చినవాళ్లకు వదిలేశారు: ధనుర్మాసం వంతుల జాబితా, పిల్లలకు తెలుగు పద్యాలు, కీర్తనల అర్థాలు. ఖర్చు రోజుకింత అని గీత గీసి, దొన్నె అందరిదీ ఒకే కొలత చేశారు. ఏడాది పొడుగునా చూడాల్సిన ఖాతా ఇక్కడివాళ్ల చేతిలోనే ఉంది. ఇదే అందరికీ పట్టే సూత్రమని అనను. ఆరు ఫ్లాట్ల మేడలో ఇంత జాబితా అవసరమే రాదు.

దూరం నుంచి కబురు వస్తే

పెద్దలు పైకి అనరు గానీ చలికాలమంతా వాళ్ల మనసులో ఒక భయం ఉంటుంది. అక్కడ దాయాది పోతే ఇక్కడ మైల పట్టాలా? పట్టాలంటారు పురోహితులు. సముద్రం అడ్డు రాదు, విన్నప్పటి నుంచి మిగిలిన రోజులు లెక్క. అలా ఒక జనవరిలో బాబాయి పది రోజులు గుడికి వెళ్లలేదు, ముగ్గు దగ్గరికి పిన్నీ దిగలేదు. గుడిలో ఎవరికీ తెలియలేదు. మామి మాత్రం విషయం తెలిసి ముగ్గు తనే వేసింది, ఎడమవైపు చోటు ఖాళీగానే ఉంచి. పదో రోజు దాటాక పిన్నే దిగి ఆ చోటు నింపింది.

మార్చిలో వాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడు పిన్నీ మామీ శనివారం పొద్దున ఆరింటికి ఫోన్‌లో విష్ణు సహస్రనామం చదువుతున్నారు. చెన్నైలో శనివారం ఆరంటే, అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు జరిపాక, శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర. మరి అది శనివారం పారాయణ కిందికి వస్తుందా అని మామి వాళ్లింటి శాస్త్రులవారిని అడిగిందట. కలిసి చదివేవాళ్లలో ఒకరికి శనివారమైతే చాలన్నారట ఆయన. పిన్ని ఫోన్ పెట్టేసి పడుకుని, పొద్దున లేచాక తన ఊరి శనివారానికి ఇంకోసారి చదువుకుంటోంది.